తుఫాను రాని రోజుల్లో ఆ ఆఫీసు ఏం చేస్తుంది?

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



తుఫాను వస్తోందని వార్తల్లో చెప్పగానే మన ఇళ్ళల్లో ఎంత హడావిడి మొదలవుతుందో మీకు వేరే చెప్పనక్కరలేదు. కొవ్వొత్తులూ అగ్గిపెట్టెలూ వెతుక్కుంటాం. బిందెలూ బకెట్లూ నింపి పెట్టుకుంటాం. రెండు రోజులకు సరిపడా కూరలూ పాలూ తెప్పిస్తాం. అటు ప్రభుత్వంలోనూ అంతే. మంత్రులు, కలెక్టర్లు జీపుల్లో తిరుగుతుంటారు. గాలీ వానా వెలిసి ఎండ కాయగానే మనమూ మర్చిపోతాం, వాళ్ళూ వేరే పనుల్లో పడతారు.

మరి ఏడాదిలో మిగిలిన మూడువందల అరవై రోజుల సంగతేమిటి? విపత్తుల కోసమే ప్రత్యేకంగా పెట్టిన ప్రభుత్వ సంస్థ ఒకటి ఉంటుంది గదా! ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున ఆ ఆఫీసులో ఉద్యోగులు బల్లల ముందు కూర్చుని ఏం చేస్తుంటారు? ఈ సందేహం మీలో ఎవరికైనా వచ్చిందా? రాకపోతే ఇవాళ తెచ్చుకోండి. ఎందుకంటే తుఫానునాడు మన ప్రాణం నిలబడేదీ, తుఫాను తర్వాత మన ఇల్లు నిలబడేదీ ఆ మామూలు రోజుల్లో జరిగిన పనిమీదే ఆధారపడి ఉంటుంది.

ఇది మనకు తెలియని సూత్రమేమీ కాదు. మామిడికాయ దొరికే నెలలోనే ఏడాదికి సరిపడా ఆవకాయ పెట్టుకుంటాం. ఎండలు ముదిరినప్పుడే వడియాలు పెడతాం. రాత్రి పదిగంటలకు నలుగురు చుట్టాలు దిగితే ఆ పూట గడిచేది అప్పుడు పరుగెత్తడం వల్ల కాదు, వేసవిలో మనం పడిన శ్రమవల్ల. ప్రభుత్వ సంస్థ అయినా అంతే. దానికి మన పక్క రాష్ట్రం ఒడిశానే ఉదాహరణగా తీసుకుందాం. మనదీ వాళ్ళదీ ఒకే సముద్రం. మన తీరాన్ని కొట్టే తుఫానే నాలుగు గంటలు దారి మళ్ళితే వాళ్ళ తీరాన్ని కొడుతుంది.

1977 నవంబరు 19న మన దివిసీమను ఉప్పెన ముంచెత్తిన సంగతి పెద్దవాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటూనే ఉంటారు. దాదాపు పదివేల మంది పోయారు. సరిగ్గా అలాంటి దెబ్బే 1999 అక్టోబరు 29న ఒడిశాకు తగిలింది. పారాదీప్ దగ్గర గంటకు 250 కిలోమీటర్లు దాటిన గాలి తీరాన్ని తాకింది. సముద్రం ఊళ్ళమీదికి వచ్చింది. ఎరసమ అనే ప్రాంతంలో ఊళ్ళకు ఊళ్ళే తుడిచిపెట్టుకుపోయాయి. అక్కడ కూడా చనిపోయినవారు దాదాపు పదివేల మంది.

తుఫాను వస్తోందని వాళ్ళకు తెలియక కాదు. వాతావరణ శాఖ ముందే చెప్పింది. కాని చెప్పిన మాట చిట్టచివరి గుడిసెదాకా చేరే దారి లేదు. చేరినా, వెళ్ళి తలదాచుకోవడానికి గట్టి కట్టడాలు లేవు. అంత పొడుగు తీరానికి తుఫాను షెల్టర్లు ఇరవై పైచిలుకు మాత్రమే ఉండేవి. గాలి తగ్గాక చెట్లు పడి రోడ్లన్నీ మూసుకుపోయాయి. వాటిని కోసి దారి చెయ్యడానికి రంపాలు లేవు, మనుషులు లేరు. టెలిఫోన్లు పనిచెయ్యలేదు. బియ్యం ఉన్నచోట జనం లేరు, జనం ఉన్నచోట బియ్యం లేదు.

ఆ ఏడాది డిసెంబరులోనే ఒడిశా ప్రభుత్వం ఒక సంస్థను ఏర్పాటు చేసింది. దాన్నే ఒడిశా రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ అంటారు. మన దేశంలో విపత్తుల కోసం చట్టం వచ్చింది 2005లో. దానికి అయిదారేళ్ళ ముందే ఒడిశా ఈ పని చేసింది. సంఘాల చట్టం కింద దాన్ని రిజిస్టరు చేసి, కొంత స్వతంత్రంగా పనిచేసే వీలు కల్పించింది. పాలకమండలికి రాష్ట్ర ప్రధాన కార్యదర్శి అధ్యక్షుడు. ముఖ్యమైన శాఖల కార్యదర్శులు సభ్యులు. రోజువారీ పనులు చూసుకోవడానికి ఒక మేనేజింగ్ డైరెక్టర్ ఉంటాడు.

ఇదంతా ఆఫీసు గొడవ, మనకెందుకు అనుకోకండి. ఇందులో ఒక కిటుకు ఉంది. తుఫానులో కరెంటు ఒక శాఖది, రోడ్డు ఇంకొక శాఖది, మంచినీళ్ళు వేరొకరివి, బియ్యం మరొకరివి. ఎవరి దారి వారిదైతే పదిమంది కోడళ్ళున్న ఇంట్లో పొయ్యిమీద పాలు పొంగిపోయినట్టే అవుతుంది. అందరూ చూస్తూనే ఉంటారు, దింపేవాళ్ళు ఉండరు. వాళ్ళందరినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి "ఈ పని నీది, ఆ పని నీది" అని ముందుగా పంచిపెట్టేదే ఈ సంస్థ.

ఇంకొకటి. ఒడిశాలో ఉపద్రవం వచ్చినప్పుడు అన్నం, బట్ట, పరిహారం చూసుకోవడానికి ప్రత్యేక సహాయ కమిషనరు అని ఒక అధికారి మొదటినుంచీ ఉన్నాడు. కాని తక్షణ సహాయం వేరు, మళ్ళీ నిలదొక్కుకోవడం వేరు. పొట్లం అన్నం ఒక పూట తీరుస్తుంది. కూలిన బడి, పోయిన ఇల్లు మళ్ళీ లేవడానికి ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళ పని చూసేవాళ్ళు, రాబోయే తుఫానుకు ఇప్పుడే సిద్ధం చేసేవాళ్ళు వేరే ఉండాలని గ్రహించి ఈ సంస్థను పెట్టారు. అనేకసార్లు ఒకే అధికారి ఈ రెండు పదవులూ నిర్వహించారు. దానివల్ల ఒక చెయ్యి చేసేది రెండో చేతికి తెలుస్తుంది.

ఇక డబ్బు సంగతి. సంసారం గుట్టు పోపులపెట్టెలో ఉంటుందంటే నవ్వుతారు గాని, ఏ సంస్థ గుట్టయినా తెలియాలంటే దాని డబ్బు ఎలా పంచుకుంటుందో చూడాలి. పదిహేనవ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు అయిదేళ్ళ కాలానికి రాష్ట్రాల విపత్తు నిధికి ఒక పద్ధతి చెప్పింది. నిధిలో నూరు రూపాయలుంటే, 40 రూపాయలు తక్షణ సహాయానికి. 30 రూపాయలు పునర్నిర్మాణానికి. 10 రూపాయలు సన్నద్ధతకు, అంటే శిక్షణకూ సామగ్రికీ. మిగిలిన 20 రూపాయలు ముప్పును ముందే తగ్గించే పనులకు. ఒడిశా, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వంటి రాష్ట్రాలలో ఈ నిధికి కేంద్రం మూడు వంతులు ఇస్తే, రాష్ట్రం ఒక వంతు వేసుకోవాలి.

చూశారా, నాలుగు డబ్బాలు! పాలవాడికి ఒకటి, బడిజీతానికి ఒకటి, మందులకు ఒకటి, పండక్కి ఒకటి అని మనం విడివిడిగా దాచుకోవడం లేదూ? ఒకే డబ్బాలో వేస్తే ఏమవుతుందో మనకు తెలుసు. ముందొచ్చిన ఖర్చు అంతా మింగేస్తుంది. వెనకటి రోజుల్లో విపత్తు నిధులకు పట్టిన గతి అదే. వచ్చినదంతా సహాయానికే పోయేది. వచ్చే ఏటి వరదను ఆపే పనికి పైసా మిగిలేది కాదు.

ఆ డబ్బుతో ఏం చేశారో చూద్దాం. ఒడిశా తీరంలో ఇవాళ 800కు పైగా తుఫాను షెల్టర్లు ఉన్నాయి. గట్టి స్తంభాలమీద ఎత్తుగా కట్టిన భవనాలవి. కింద నీళ్ళు పారినా పైన జనం క్షేమంగా ఉండవచ్చు. ముసలివాళ్ళూ నడవలేనివాళ్ళూ ఎక్కడానికి వాలుబాట పెట్టారు. వాటిలో చాలా భాగం మామూలు రోజుల్లో పిల్లల బడులే. ఇది చాలా తెలివైన పని. ఎందుకంటే వాడని ఇల్లు పాడవుతుంది. ఏడాదికొకసారి తెరిచే గదిలో గబ్బిలాలూ బూజూ తప్ప ఏముంటాయి? రోజూ పిల్లలు వచ్చే చోట నీళ్ళ కుళాయి పనిచేస్తుంది, తలుపు గడియ పడుతుంది.

షెల్టరును కనిపెట్టుకుని ఉండే బాధ్యత ఊళ్ళోవాళ్ళ సంఘానిదే. ఆ సంఘం కింద చిన్న చిన్న బృందాలుంటాయి. ఒకటి హెచ్చరిక చాటింపుకి, ఒకటి జనాన్ని తీసుకురావడానికి, ఒకటి ప్రథమ చికిత్సకి, ఒకటి షెల్టరులో వసతి చూసుకోవడానికి. ఆడవాళ్ళు కూడా వీటిలో ఉంటారు. ఉండి తీరాలి. చంటిపిల్లల తల్లికి, నిండు గర్భిణికి, ఎదిగిన ఆడపిల్లకు ఆ రాత్రి ఏం కావాలో మగవాళ్ళ బృందానికి తడుతుందా? మరుగుదొడ్డికి తలుపు సరిగా లేకపోతే, దీపం లేకపోతే, ఆడది షెల్టరుకు రానంటుంది. రాకపోతే ప్రాణం పోతుంది. ఇంత చిన్న విషయంలో అంత పెద్ద విషయం దాగి ఉంది.

ఏటా తుఫానుల కాలానికి ముందు జూన్ నెలలో ఉత్తుత్తి తుఫాను జరుపుతారు. సైరను మోగిస్తారు, జనం షెల్టరుకు నడుస్తారు, జనరేటరు తిప్పి చూస్తారు. తాళంచెవి ఎవరి దగ్గరుందో, కిరోసినుందో లేదో, స్ట్రెచరు చిరిగిందో అప్పుడే బయటపడుతుంది. తుఫానునాడు తాళంచెవికోసం వెతికే అగత్యం లేకుండా చెయ్యడమే ఆ సంస్థ ముఖ్యమైన పని అంటే అతిశయోక్తి కాదు.

1999లో రోడ్లకు అడ్డంగా పడిన చెట్లు చెప్పాను గదా. ఆ పాఠం మర్చిపోకుండా 2001లో రాష్ట్ర సాయుధ పోలీసుల్లోంచి మనుషులను ఎంచి ఒక సహాయక దళాన్ని తయారుచేశారు. వాళ్ళకు మరరంపాలు, పడవలు, తాళ్ళు ఇచ్చి శిక్షణ ఇచ్చారు. జాతీయ దళం 2006లో వచ్చింది. అంటే వీళ్ళు అంతకన్నా ముందే మేలుకున్నారు. 2018లో తీరం పొడుగునా ఆరు జిల్లాల్లో 122 చోట్ల సైరను స్తంభాలు నిలబెట్టారు. రాజధానిలో మీట నొక్కితే సముద్రపు ఒడ్డున మోగుతుంది.

ఫలితం ఏమిటంటారా? 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. ఒడిశాలో పది లక్షల మందిని ముందే తరలించారు. చనిపోయినవాళ్ళు 50 మంది లోపే. 2019 మే 3న ఫణి తుఫాను పూరీని కొట్టింది. 12 లక్షల మందిని తరలించారు. 26 లక్షల సెల్‌ఫోన్ సందేశాలు పంపారు. 43 వేలమంది స్వచ్ఛంద కార్యకర్తలు ఇంటింటికీ తిరిగారు. 64 మంది చనిపోయారు. 64 ప్రాణాలు తక్కువని కాదు. ఒక్క ప్రాణమైనా ఆ ఇంటికి అది లోకమంత నష్టం. కాని పదివేలెక్కడ, 64 ఎక్కడ?

ఇక్కడ ఒక్క మాట. ఇంటింటికీ తిరిగి పిలిచినా కదలనివాళ్ళు ఉంటారు. "మేకను వదిలి ఎలా వస్తాం? గాదెలో వడ్లున్నాయి. దొంగలు పడితే?" అంటారు. వాళ్ళు మూర్ఖులు కారు. ఆ మేకా ఆ వడ్లే వాళ్ళ బ్యాంకు. సైరను మోగినంత మాత్రాన వాళ్ళు లేవరు. ఊళ్ళో తెలిసిన మనిషి, నిన్న మొన్న తమతో కూర్చుని మాట్లాడిన మనిషి వచ్చి చెయ్యి పట్టుకుంటే లేస్తారు. అందుకే ఊళ్ళో సంఘాలు మామూలు రోజుల్లోనే ఉండాలి.

ప్రాణాలు దక్కాయి, సరే. తర్వాత? అసలు కష్టమంతా అప్పుడే మొదలవుతుంది. ఫైలిన్ తర్వాత గంజాం జిల్లా తీరంలో ఇళ్ళు కోల్పోయినవాళ్ళలో చాలామంది నొలియాలనే జాలరులు. వాళ్ళ ఇంటిభాష తెలుగు. మనవాళ్ళే. ప్రపంచ బ్యాంకు అప్పుతో ఈ సంస్థే వాళ్ళకు పక్కా ఇళ్ళ పథకం నడిపింది. కాంట్రాక్టరు కట్టి తాళం ఇవ్వడం కాదు. ఎవరి ఇల్లు వాళ్ళే దగ్గరుండి కట్టించుకున్నారు. ఇంటికి 3 లక్షల రూపాయల చొప్పున వాయిదాల్లో ఇచ్చారు. పునాది లేచాక ఒక వాయిదా, గోడలు లేచాక ఒకటి, ఇలా పని చూసి డబ్బు. ఎలా కట్టాలో చెప్పడానికి స్వచ్ఛంద సంస్థలవాళ్ళను పెట్టారు. పొదంపేట అనే ఊరిని సముద్రం ఏటేటా కోసుకుపోతూ ఉంటే, ఆ ఊరివాళ్ళకు వెనకపక్కన కొత్త కాలనీ లేచింది.

ఆ ఇళ్ళ కాగితాలు భార్యాభర్తలిద్దరి పేరా రాశారు. ఈ ఒక్క వాక్యం వెనక ఎంత ఉందో ఆలోచించండి. భర్త సముద్రంమీదికి పోయి తిరిగి రాకపోతే, లేదా తాగి ఇల్లు తాకట్టు పెట్టబోతే, ఆ కాగితంమీద ఉన్న రెండో పేరు ఆ ఇల్లాలిని రోడ్డున పడకుండా కాపాడుతుంది. ఈ నిబంధన రాసింది కూడా తుఫానునాటి హడావిడిలో కాదు. ఎండకాసే రోజుల్లో, బల్లముందు కూర్చుని, ఎవరో ఆలోచించి రాశారు. ఆఫీసు కాగితానికి అంత బలం ఉంది.

గంజాం జిల్లాలోనే వెంకటరాయపురం అని మరొక జాలరి గ్రామం ఉంది. జగత్సింగపూర్ జిల్లాలోని నొలియాసాహితోపాటు ఆ ఊరిని 2020 ఆగస్టులో యునెస్కో సంస్థ సునామీకి సిద్ధంగా ఉన్న ఊరుగా గుర్తించింది. మన దేశంలో ఆ గుర్తింపు మొట్టమొదట పొందినవి ఆ రెండు ఊళ్ళే. వాటికి సునామీ హెచ్చరిక వెళ్ళేది ఎక్కడినుంచో తెలుసా? సముద్రమే లేని మన హైదరాబాదునుంచి. దేశానికంతటికీ సునామీ హెచ్చరిక కేంద్రం అక్కడే ఉంది.

అంతా బాగానే ఉందని నేను అనడం లేదు. ఫణి తుఫానులో ప్రాణాలు దక్కినా లక్షల ఇళ్ళు దెబ్బతిన్నాయి. పూరీలో కరెంటు రావడానికి వారాలు పట్టింది. కొబ్బరితోటలు, తమలపాకు తోటలు నేలమట్టమయ్యాయి. అలాంటి తోటమీద బతికే ఇంటికి షెల్టరు ఒక రాత్రికే ఆసరా. అదిగాక ఏ రాష్ట్రంలోనైనా పరిహారం జాబితా రాసేటప్పుడు సొంత ఇల్లున్నవాడి పేరు ముందు పడుతుంది. అద్దెకున్నవాళ్ళు, పట్టాలేని స్థలంలో గుడిసె వేసుకున్నవాళ్ళు, మగదిక్కులేని ఇళ్ళు వెనకబడిపోతాయి. ప్రాణాలు లెక్కపెట్టడం నేర్చుకున్న సంస్థ బతుకులు లెక్కపెట్టడం కూడా నేర్చుకోవాలి. అదింకా మిగిలే ఉంది.

"ఇదంతా సముద్రం ఒడ్డునున్న పల్లెల సంగతి, మేం పట్నంలో మేడమీద ఉంటాం" అంటారేమో! 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం నగరంమీదే విరుచుకుపడింది. మేడలున్నవాళ్ళు కూడా కరెంటు లేక, కుళాయి రాక, పాలప్యాకెట్టు దొరక్క రోజులు గడిపారు. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతం మునిగింది. చుట్టూ నీళ్ళు, తాగడానికి చుక్క లేదు. చంటిపిల్లలతో, మంచంపట్టిన పెద్దవాళ్ళతో మేడలమీద చిక్కుకున్న ఇల్లాళ్ళను మనమంతా చూశాం.

2005 చట్టం ప్రకారం రాష్ట్ర విపత్తు సంస్థకు ముఖ్యమంత్రి, జిల్లా సంస్థకు కలెక్టరు అధ్యక్షులు. 2025లో ఆ చట్టాన్ని సవరించి, రాజధానులకూ కార్పొరేషనున్న నగరాలకూ విడిగా పట్టణ సంస్థ పెట్టే వీలు కల్పించారు. దానికి మునిసిపల్ కమిషనరు అధ్యక్షుడు. అంటే ఈ ఆఫీసు ఇక మన వీధి చివరికే వస్తుందన్నమాట. వచ్చాక పడుకోకుండా చూడవలసిందెవరు? మనమే.

అందుకని మీ మహిళామండలి సమావేశంలోనో, మీ అపార్టుమెంటు సంఘంలోనో మూడు ప్రశ్నలు వేసుకోండి. తర్వాత అవే ప్రశ్నలు మీ వార్డు సభ్యుడినో సభ్యురాలినో అడగండి. మొదటిది, మన పేటకు నీళ్ళొస్తే వెళ్ళవలసిన చోటు ఏది, దాని తాళంచెవి ఎవరి దగ్గరుంది? రెండవది, మన వీధిలో నడవలేనివాళ్ళు, ఒంటరిగా ఉన్న ముసలివాళ్ళు, గర్భిణులు ఎవరెవరు, వాళ్ళ జాబితా ఎవరి దగ్గరైనా ఉందా? మూడవది, మన కాలవ పూడిక కిందటిసారి ఎప్పుడు తీశారు? ఈ మూడూ ఎండాకాలంలో అడగవలసిన ప్రశ్నలు. వానలో అడిగితే జవాబు చెప్పేవాడు దొరకడు.

ఇంట్లో కూడా ఒక చిన్న పని చెయ్యండి. రేషన్ కార్డు, ఆధార్, ఇంటి కాగితాలు, బ్యాంకు పుస్తకం, పెద్దవాళ్ళ మందుచీటీ, వీటి నకళ్ళు ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి పై అరలో పెట్టండి. పరిహారానికి మొదట అడిగేవి అవే. రాష్ట్ర కంట్రోలు రూముకు 1070, జిల్లా కంట్రోలు రూముకు 1077 నంబర్లు కేటాయించారు. క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి. ఇంట్లో పనిచేసే అమ్మాయికి కూడా చెప్పండి. ఆమె ఇల్లు మన ఇంటికన్నా పల్లంలో ఉంటుంది.

ఆవకాయ జాడీ నిండుగా ఉన్న ఇల్లాలికి చుట్టాలంటే భయం ఉండదు. మన ఊరి జాడీలో ఏముందో, మూత ఎప్పుడు తీసి చూశారో అడగడానికి మనం మొహమాటపడనక్కరలేదు.